స్పినోజా హేతువాదం: ఒక విమర్శనాత్మక పరిశీలన

కృష్ణా మెట్ట ప్రాంతంలో, కంచికచర్ల దగ్గర, నందిగామ, జగ్గయ్యపేటల మీదుగా హైదరాబాదు వెళ్లే రహదారిపై పరిటాల గ్రామం ఉంది. 2022 నుంచి ఈ ప్రాంతం ఎన్టీఆర్ జిల్లాలో భాగం. గోల్కొండ వజ్రాలుగా ప్రపంచమంతా పేరుపొందిన రాళ్లు గోల్కొండ కోటలో దొరికినవి కావు. కృష్ణానది ఒడ్డున కొల్లూరులోనూ, పరిటాల చుట్టుపక్కల నేలల్లోనూ దొరికినవి. పరిటాలకు చేరువలోని గని ఆత్కూరు పేరులోనే ఆ చరిత్ర నిలిచి ఉంది. ఉత్తర సర్కారులు ఇంగ్లీషు కంపెనీకి పోయిన తర్వాత కూడా పరిటాలా, దాని పక్క గ్రామాలు కొన్నీ నిజాం చేతిలోనే మిగిలాయి. అందుకు కారణం ఈ వజ్రాల గనులే.

17వ శతాబ్దంలో ఈ రాళ్ల వ్యాపారం ఐరోపా దాకా సాగింది. 1605 నుంచి మచిలీపట్నంలో డచ్చి వర్తకులు కోఠీ పెట్టుకుని ఉన్నారు. వారి రాజ్యంలోని ముఖ్య నగరం ఆమ్‌స్టర్‌డామ్. అక్కడ వజ్రాల వ్యాపారంలోనూ సానపట్టే పనిలోనూ పోర్చుగల్ నుంచి తరలివచ్చిన యూదులు పాలుపంచుకునేవారు. 1632 నవంబరు 24న ఆ యూద సమాజంలోని ఒక వర్తక కుటుంబంలో బరూచ్ స్పినోజా పుట్టాడు. యువకుడిగా తండ్రి వ్యాపారం చూసుకున్న రోజుల్లో, 1655లో, రత్నాల వర్తకులైన అల్వారెస్ సోదరుల నుంచి రావలసిన 500 గిల్డర్ల హుండీ కోసం అతను తగాదా పడవలసి వచ్చిందనీ, ఆ తగాదాలో దెబ్బ కూడా తిన్నాడనీ ఆ నగరపు దస్తావేజులు చెబుతున్నాయి. తర్వాత కొద్దికాలానికే అతను వ్యాపారం వదిలేశాడు. దుర్భిణులకూ సూక్ష్మదర్శినులకూ కావలసిన అద్దాలు సానపడుతూ, మితంగా జీవిస్తూ, 1677 ఫిబ్రవరి 21న హేగ్ నగరంలో మరణించాడు.

ఈ మనిషిని మూడు శతాబ్దాలుగా కొందరు నాస్తికుల్లోకెల్లా నాస్తికుడని తిడుతున్నారు. మరికొందరు దైవోన్మత్తుడని పొగుడుతున్నారు. తెలుగునాట హేతువాదులు అతన్ని తమవాడుగా చెప్పుకుంటే, సూఫీ సాహిత్యం చదివినవారు వహ్‌దతుల్ వుజూద్‌కు ఐరోపా ప్రతినిధిగా భావిస్తుంటారు. ఈ రెండు అంచనాలూ ఎంతవరకు నిలుస్తాయో పరిశీలించడం అవసరం. ఎందుకంటే మత గ్రంథాలపై ఆధునిక కాలంలో వచ్చిన విమర్శల్లో అధికభాగం, తెలిసో తెలియకో, స్పినోజా వేసిన బాటలోనే నడుస్తున్నాయి.

బహిష్కరణ

1656 జూలై 27న ఆమ్‌స్టర్‌డామ్ యూద సమాజం స్పినోజాను వెలివేసింది. అప్పటికి అతని వయస్సు 23 ఏళ్లు. అతనితో మాట్లాడరాదనీ, అతనున్న ఇంటి కప్పు కింద ఉండరాదనీ, అతను రాసినది చదవరాదనీ ఆ తీర్పు శాసించింది. అతను చేసిన తప్పేమిటో మాత్రం అందులో స్పష్టంగా లేదు. అప్పటికి అతను ఒక్క పుస్తకమూ ప్రచురించలేదు. ఆ సమాజం భయాన్ని కూడా అర్థం చేసుకోవలసి ఉంది. స్పెయిన్, పోర్చుగల్ దేశాల్లో బలవంతపు మతమార్పిడినీ, ఇన్‌క్విజిషన్ చితి మంటలనూ చూసి వచ్చినవారు వాళ్లు. పరాయి దేశంలో నిలదొక్కుకోవాలంటే క్రమశిక్షణ తప్పదని తలచారు. అయితే భయం ఎంత సహజమైనదైనా, భయంతో ఇచ్చిన తీర్పు న్యాయమైపోదు. 2015లో ఈ బహిష్కరణను ఎత్తివేయాలా వద్దా అని అదే నగరంలో పండితులు సమావేశమై చర్చించారు. అయినా అది రద్దు కాలేదు.

ఇంచుమించు అదే కాలంలో గోల్కొండ రాజ్యంలోనూ యూద కుటుంబంలో పుట్టిన ఒక స్వతంత్ర ఆలోచనాపరుడు తిరుగాడాడన్నది గమనించదగ్గ విషయం. ఇరాన్‌లోని కాషాన్‌కు చెందిన సర్మద్ వ్యాపారిగా హిందూదేశం వచ్చాడు. ఇస్లాం స్వీకరించాడు. తర్వాత వ్యాపారం, బట్టలు కూడా వదిలి ఫకీరయ్యాడు. హిజ్రీ 1057లో, అంటే 1647లో, హైదరాబాదులో అతన్ని కలుసుకున్నట్లు ‘దబిస్తానె మజాహిబ్’ గ్రంథకర్త రాశాడు. యూద మతంపై ఆ గ్రంథంలో ఉన్న సమాచారం సర్మద్ ద్వారా వచ్చిందే. సర్మద్ తర్వాత ఢిల్లీ చేరి దారా షికోహ్‌కు సన్నిహితుడయ్యాడు. ఔరంగజేబు పాలనలో, 1661 ప్రాంతంలో, అతనికి శిరచ్ఛేదం జరిగింది. కలిమాలో మొదటి భాగమైన నిరాకరణ దగ్గరే ఆగిపోయేవాడని అతనిపై ఆరోపణ. 20వ శతాబ్దారంభంలో మౌలానా అబుల్ కలామ్ ఆజాద్ సర్మద్‌పై ఒక ప్రసిద్ధ వ్యాసం రాశారు. ఆ మరణశిక్షకు మతం పేరు పెట్టినా, దాని వెనుక దారా పక్షాన్ని అణచే రాజకీయం ఉందని ఆయన అభిప్రాయం.

స్పినోజా, సర్మద్ ఒకే కోవకు చెందినవారు కారు. సర్మద్‌ది తన్మయత్వం, స్పినోజాది తర్కం. అయినా వారిద్దరి కథల్లో ఒక పోలిక ఉంది. ఇద్దరి విషయంలోనూ వాదానికి వాదంతో సమాధానం రాలేదు. ఒకచోట వెలి వచ్చింది, మరొకచోట కత్తి వచ్చింది. ఇది యూదుల దోషమనో, క్రైస్తవుల దోషమనో చెప్పి చేతులు దులుపుకునే అవకాశం ఏ సమాజానికీ లేదు. కార్డోవా ఖాజీగా పనిచేసిన ఇబ్నె రుష్ద్ అంతటి పండితుణ్ణి 1195లో లూసెనా పట్టణానికి వెళ్లగొట్టి, ఆయన తత్వగ్రంథాలను తగలబెట్టించినవారు ముస్లిం పాలకులే.

గ్రంథ విమర్శ

1670లో స్పినోజా ‘దైవశాస్త్ర రాజనీతి గ్రంథం’ ప్రచురించాడు. దానిపై రచయిత పేరు లేదు. ముద్రణ స్థలం హాంబర్గ్ అని తప్పుగా వేశారు. 1674లో డచ్చి ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఆ జాగ్రత్తకు కారణం ఉంది. అతని మిత్రుడు ఆడ్రియాన్ కూర్బాఖ్ ఇటువంటి భావాలనే డచ్చి భాషలో రాసినందుకు జైలుపాలై 1669లో అక్కడే మరణించాడు.

ఈ గ్రంథంలో ఏడవ అధ్యాయం కీలకమైనది. మత గ్రంథాన్ని అర్థం చేసుకోవాలంటే మూడు పనులు చేయాలని స్పినోజా అందులో ప్రతిపాదించాడు. మొదటిది, అది రాయబడిన భాష స్వభావాన్ని క్షుణ్ణంగా తెలుసుకోవడం. రెండవది, ఒక్కొక్క విషయంపై ఆ గ్రంథం చెప్పిన మాటలన్నీ ఒకచోట కూర్చి, అస్పష్టంగా ఉన్నవాటినీ పరస్పరం విరుద్ధంగా కనిపించేవాటినీ గుర్తించడం. మూడవది, ఆ గ్రంథం ఎవరి నోట, ఏ సందర్భంలో, ఎవరిని ఉద్దేశించి వచ్చిందో, తర్వాత ఎవరెవరి చేతుల మీదుగా సంక్రమించిందో విచారించడం. ఈ పద్ధతితోనే అతను తౌరాతు మొదటి ఐదు గ్రంథాలు మొత్తంగా మూసా (అ) రాసినవి కావని వాదించాడు. మూసా మరణం గురించిన కథనం కూడా వాటిలోనే ఉండటం అతని ఆధారాల్లో ఒకటి.

ఇస్లామీయ విద్యలతో పరిచయం ఉన్న పాఠకుడికి ఈ మూడు షరతులు కొత్తగా తోచవు. అరబీ భాషాశాస్త్రం, ఆయతులను ఆయతులతోనే వివరించే తఫ్సీర్ పద్ధతి, అవతరణ సందర్భాలను పరిశోధించే శాస్త్రం, ఉల్లేఖకుల పరంపరను జల్లెడపట్టే ఇస్నాద్ విద్య ముస్లిం పండితులు శతాబ్దాలుగా అభ్యసిస్తున్నవే. తౌరాతు పాఠంలోని లెక్కల తేడాలను, కాలవైరుధ్యాలను 11వ శతాబ్దంలోనే ఇబ్నె హజ్మ్ వివరంగా ఎత్తిచూపారు. కనుక గ్రంథ విమర్శ ఐరోపా వారి సొత్తు అనుకోవడం పొరపాటు.

అయితే ఇక్కడ ఒక ప్రమాదం కూడా ఉంది. ఇతరుల గ్రంథాలపై స్పినోజా పద్ధతి ప్రయోగించినప్పుడు చప్పట్లు కొట్టి, అదే పద్ధతి కుర్‌ఆన్ వైపు తిరిగినప్పుడు చెవులు మూసుకోవడం న్యాయమైన వైఖరి కాదు. ఐరోపా ప్రాచ్యవేత్తలు 19వ శతాబ్దం నుంచి కుర్‌ఆన్ సంకలనం గురించి, హదీసుల ప్రామాణికత గురించి అడిగిన ప్రశ్నలు ఈ పద్ధతి నుంచి పుట్టినవే. వాటిలో దురుద్దేశంతో అడిగినవీ ఉన్నాయి, నిజాయితీగా అడిగినవీ ఉన్నాయి. రెండింటికీ సమాధానం ప్రాచీన ప్రతుల పరిశీలనలోనూ, ఖిరాఅత్‌ల అధ్యయనంలోనూ, ఉల్లేఖనాల పరీక్షలోనూ దొరకాలి తప్ప ఆగ్రహంలో కాదు. వజ్రాన్ని వజ్రంతోనే కోయాలన్నట్లు, విద్యతో వచ్చిన ప్రశ్నకు విద్యతోనే జవాబు చెప్పాలి.

ప్రవక్తలు, తత్వవేత్తలు

స్పినోజా వాదంలో బలహీనమైన భాగం ప్రవక్తృత్వం గురించి చెప్పినది. ప్రవక్తలు ఊహాశక్తిలోనూ, నైతిక పవిత్రతలోనూ శ్రేష్ఠులే గాని, జ్ఞానంలో కాదన్నాడు. అందుచేత న్యాయం, పరోపకారం వంటి విషయాల్లో వారి మాట శిరోధార్యం, సత్యాసత్య విచారణలో కాదని తేల్చాడు. ప్రవక్తృత్వాన్ని ఊహాశక్తితో ముడిపెట్టినవారిలో స్పినోజా మొదటివాడు కాడు. 950లో మరణించిన అల్ ఫారాబీ కూడా ఆ పని చేశారు. కాని ఫారాబీ దృష్టిలో ప్రవక్త ఊహ ఉన్నత ప్రజ్ఞ నుంచి వెలుగు పొందుతుంది. జ్ఞానమే బింబాలుగా మారి ప్రజలకు అందుతుంది. స్పినోజా ఆ దారాన్ని తెంపేశాడు.

ఫారాబీ తర్వాత ఇదే చర్చ మూసా బిన్ మైమూన్ దాకా సాగింది. ఐరోపాలో మైమోనిడీస్‌గా పేరుపొందిన ఈ యూద పండితుడు తన ప్రధాన తత్వగ్రంథాన్ని ఈజిప్టులో అరబీ భాషలోనే రాశాడు. గ్రంథవాక్యం హేతువుకు విరుద్ధంగా కనిపిస్తే దానికి ఉపమాన అర్థం చెప్పుకోవాలని అతని మార్గం. ‘ఫస్లుల్ మఖాల్’లో ఇబ్నె రుష్ద్ చెప్పిందీ దాదాపు అదే. సత్యం సత్యానికి విరోధి కాదన్నది ఆయన సూత్రం. స్పినోజా ఈ రాజీని తిరస్కరించాడు. గ్రంథాన్ని హేతువుకు అనుగుణంగా వంచడం గ్రంథం పట్ల నిజాయితీ కాదనీ, హేతువును గ్రంథానికి బానిస చేయడం బుద్ధి పట్ల నిజాయితీ కాదనీ, రెండింటినీ వేరువేరుగా ఉంచాలనీ వాదించాడు.

ఈ వాదంలో నిజాయితీ ఉంది. కాని చిక్కు కూడా ఉంది. హేతువు బాటలో నడవగలవారు కొద్దిమందేననీ, మిగిలిన ప్రజలకు గ్రంథం చెప్పే విధేయతే మోక్షమార్గమనీ స్పినోజా ఒప్పుకున్నాడు. అంటే ఏ గ్రంథానికి సత్యం చెప్పే అధికారం లేదన్నాడో, ఆ గ్రంథంపైనే సమాజ నీతిని నిలబెట్టాడు. పునాదిలో సత్యం లేదని చెప్పి, పైన ఇల్లు మాత్రం పదిలంగా ఉండాలని కోరడం ఇది. ఇబ్నె రుష్ద్ కూడా పండితులకూ పామరులకూ తేడా చూపారు గాని, ఇద్దరూ ఒకే సత్యాన్ని వేరువేరు మెట్లపై అందుకుంటారన్నారు. ఈ విషయంలో స్పినోజా కంటే ఇబ్నె రుష్ద్ వాదమే పొందికైనది.

వహ్‌దతుల్ వుజూద్ కాదు

స్పినోజా మరణించిన ఏడాదే, 1677లో, మిత్రులు ప్రచురించిన ‘నీతిశాస్త్రం’ అతని తత్వానికి కేంద్రం. క్షేత్రగణితంలో మాదిరి నిర్వచనాలు, స్వయంసిద్ధాలు, ప్రతిపాదనలు, నిరూపణలుగా దాన్ని రాశాడు. ఉన్న పదార్థం ఒక్కటే, అది అనంతం. దానినే దేవుడనీ, ప్రకృతి అనీ అతను పిలిచాడు. మిగిలినవన్నీ దాని రూపభేదాలు. జరిగేదంతా దాని స్వభావం నుంచి అనివార్యంగా జరుగుతుంది. అది మరోలా జరిగే వీలులేదు.

దీన్ని ఇబ్నె అరబీ సంప్రదాయంతో సమానం చేయడం తొందరపాటు. సూఫీలు అస్తిత్వం ఒక్కటే అన్నప్పుడు, సృష్టికి అతీతుడైన దేవుని విశిష్టతను కూడా చెప్పారు. నమాజు, దుఆ, పశ్చాత్తాపం వారి జీవితంలో అర్థం కోల్పోలేదు. స్పినోజా దేవునికి కోరిక లేదు, ఉద్దేశం లేదు, కోపం లేదు, కరుణ కూడా లేదు. దేవుణ్ణి నిజంగా ప్రేమించేవాడు, ఆయన తిరిగి తనను ప్రేమించాలని కోరడం తగదని అతను స్పష్టంగా రాశాడు. దేవుడు విశ్వాసులను ప్రేమిస్తాడు, వారు ఆయనను ప్రేమిస్తారని బోధించే కుర్‌ఆన్ దృష్టికీ, దీనికీ మధ్య దూరం మాటల తేడా కాదు. మొర వినేవాడు ఉన్నాడా లేడా అన్నదే ఆ తేడా. అల్లామా ఇఖ్బాల్ 1936లో వెలువడిన ‘జర్బె కలీమ్’లో స్పినోజాను, ప్లేటోను ఎదురెదురుగా నిలబెట్టి, ఒకరి చూపు జీవితంపైన, మరొకరి చూపు మరణంపైన ఉందన్నారు. అసలు లక్ష్యం ఆ రెండూ కాదు, ఖుదీ అన్నారు. వ్యక్తి తన ప్రత్యేకతను నిలుపుకోవడమే సాధనగా భావించిన ఇఖ్బాల్‌కు, వ్యక్తిని కెరటంగా చూసే తత్వం చాలకపోవడం సహజమే.

అలాగే తెలుగు హేతువాదులు స్పినోజాను నాస్తికుల జాబితాలో చేర్చడం కూడా సరికాదు. కృష్ణా జిల్లా ముదునూరులో 1940లో నాస్తిక కేంద్రాన్ని స్థాపించిన గోరా, దేవుని భావన మనిషిని బానిస చేస్తుందని భావించారు. స్పినోజాకు దేవుడే సర్వస్వం. దేవుణ్ణి తెలుసుకోవడమే మానవునికి పరమానందం. 1929లో ఐన్‌స్టీన్ తాను నమ్మేది స్పినోజా దేవుణ్ణేనని ఒక యూద మతాచార్యునికి తంతి పంపినప్పుడు కూడా, ఆ మాటను ఆస్తికులూ నాస్తికులూ ఎవరికి వారు తమ పక్షాన లాక్కున్నారు.

ఇస్లాం పట్ల అజ్ఞానం

అద్దాలు సానపట్టిన ఈ తత్వవేత్త చూపు ఒకచోట మసకబారింది. 1675లో ఆల్బర్ట్ బర్గ్‌కు రాసిన ఉత్తరంలో, ప్రజల మనస్సులను కట్టిపడేయడంలో రోము చర్చిని మించినది మహమ్మదీయుల వ్యవస్థ అనీ, అది మొదలైనప్పటి నుంచి అందులో చీలికలే రాలేదనీ అన్నాడు. ఇది చరిత్రకు పూర్తిగా విరుద్ధం. అతని దేశపు ఓడలు సరుకెత్తుకుంటున్న గోల్కొండ రాజ్యమే షియా రాజ్యం. స్పినోజా వెలికి గురైన 1656లోనే సున్నీ మొగలుల సైన్యం గోల్కొండను ముట్టడించింది. వజ్రాల గనులపై అధికారం చలాయించిన మీర్ జుమ్లా వ్యవహారం దానికి తక్షణ కారణం. 1687లో ఆ రాజ్యం మొగలుల వశమైంది. మచిలీపట్నం నుంచి వచ్చిన ఏ డచ్చి వర్తకుణ్ణి అడిగినా స్పినోజా పొరపాటు తెలిసేది.

పుస్తకాల్లో ప్రతి వాక్యాన్నీ పరీక్షించమన్నవాడు విన్న మాటను పరీక్షించకుండా రాశాడు. 1492లో స్పెయిన్ నుంచి తరిమివేయబడ్డ యూదులకు ఉస్మానీ సుల్తానులు ఆశ్రయమిచ్చిన సంగతి కూడా ఆ ఉత్తరంలో అతనికి గుర్తురాలేదు. న్యాయంగా చెప్పాలంటే, అంతకు నాలుగేళ్ల ముందు ఓస్టెన్స్‌కు రాసిన ఉత్తరంలో, తురుష్కులు గాని మరెవరు గాని న్యాయంతోనూ, పొరుగువారిపై ప్రేమతోనూ దేవుణ్ణి ఆరాధిస్తే వారికీ మోక్షం ఉందని రాశాడు. రెండు ఉత్తరాల్లో మొదటిది అతని సిద్ధాంతం. రెండవది కోపంలో ఉన్న మనిషి మాట.

అతని మిత్రబృందం ఇస్లామీయ తత్వానికి అంత దూరం కాదు. ఇబ్నె తుఫైల్ రాసిన ‘హయ్ బిన్ యఖ్జాన్’ను 1672లో డచ్చి భాషలోకి తెచ్చిన బౌమీస్టర్ స్పినోజాకు ఆప్తుడు. నిర్జన ద్వీపంలో ఒంటరిగా పెరిగిన మనిషి కేవలం పరిశీలనతో, ఆలోచనతో దైవజ్ఞానం పొందే ఆ కథ వారిని ఆకర్షించింది.

మిగిలిన వారసత్వం

స్పినోజా ఆలోచనల్లో ఇప్పటికీ నిలిచి ఉన్నది అతని దైవసిద్ధాంతం కంటే రాజనీతి. స్వేచ్ఛాయుత రాజ్యంలో ప్రతివాడూ తన ఇష్టప్రకారం ఆలోచించవచ్చు, ఆలోచించినది చెప్పవచ్చునని 1670 గ్రంథం చివరి అధ్యాయంలో వాదించాడు. మనస్సును శాసించే శక్తి ఏ ప్రభువుకూ లేదు కనుక, శాసించబోయిన ప్రభువు కపటులనే తయారుచేస్తాడన్నది దాని సారాంశం. మతంలో బలవంతం లేదని నేర్చిన పాఠకులకు ఇది పరాయి భావం కాదు. ప్రజాస్వామ్యమే అన్నింటిలోకి సహజమైన పాలన అని కూడా అతను అన్నాడు. 1947లో పరిటాల ప్రజలు తమ గ్రామాలను రిపబ్లిక్‌గా ప్రకటించుకున్నప్పుడు వారికి స్పినోజా పేరు తెలియనక్కర్లేదు. అధికారం ప్రజల సమ్మతిలో ఉందన్న భావం అప్పటికే లోకసొత్తు అయిపోయింది. అయితే ఈ ప్రజాస్వామ్యవాది స్త్రీలకూ సేవకులకూ పాలనలో పాలు లేదన్నాడన్నది మరువరాదు.

1939లో వెలువడిన ‘ఇస్లాం చారిత్రక పాత్ర’ అనే పుస్తకంలో ఎం.ఎన్. రాయ్, ఐరోపా హేతువాదానికి అరబ్బు తత్వవేత్తలు పునాది వేశారని గుర్తు చేశారు. ఆంధ్రదేశంలో రాయ్ ప్రభావంలో పెరిగిన హేతువాదులు ఆ పుస్తకాన్ని స్పినోజాతో కలిపి చదివితే, ఇస్లాం హేతువుకు శత్రువన్న తేలిక తీర్పు చెప్పరు. ముస్లింలు కూడా దాన్ని గర్వించడానికి మాత్రమే కాక, ఆత్మపరీక్షకు చదవాలి. 1888లో హైదరాబాదులో స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్ 1947లో ఇబ్నె రుష్ద్ రసాయిలను అచ్చువేసింది. యూద కుటుంబంలో పుట్టి తర్వాత ఇస్లాం స్వీకరించిన అబుల్ బరకాత్ బాగ్దాదీ తత్వగ్రంథం ‘అల్ ముఅతబర్’ను అంతకుముందే వెలువరించింది. ఒకచోట తగలబడిన రాతలు మరొకచోట, ఏడున్నర శతాబ్దాల తర్వాత, తెలుగుగడ్డపై అచ్చయ్యాయి.

స్పినోజా జవాబుల్లో అంగీకరించలేనివి చాలా ఉన్నాయి. ప్రవక్తృత్వాన్ని అతను కురచ చేశాడు. దేవుణ్ణి మొర వినని నియమంగా మార్చాడు. ఇస్లాం గురించి తెలుసుకోకుండా రాశాడు. కాని అతను అడిగిన ప్రశ్నలు అతని జవాబులతో ముగిసిపోలేదు. వాటిని ఎదుర్కోవడానికి కావలసిన సాధనాలు ముస్లింల సొంత విద్యాసంప్రదాయంలోనే సమృద్ధిగా ఉన్నాయి. ఆ సాధనాలను వాడకుండా మూలపడేసి, ప్రశ్నించినవారిని వెలివేయడం 1656లో ఆమ్‌స్టర్‌డామ్ చేసిన పనే అవుతుంది. ఆ వెలి స్పినోజాను ఆపలేకపోయింది. వెలివేసినవారు మాత్రం తమ తరంలోని గొప్ప మేధావితో వాదించే అవకాశం పోగొట్టుకున్నారు.